కణాల సేద్యం, దాని పరీక్ష

(సంఘం సంవత్సరాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణానికీ కవిసమ్మేళనానికీ మధ్య నన్ను నిలబెట్టి, మూలకణాలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. వేపపూత పచ్చడి రుచి ఇంకా నాలుకమీద వుండగా ప్రయోగశాల కబుర్లు వినడం కష్టమే. అయినా వారు ఈ విషయమే ఎందుకు కోరారో నాకు తెలుసు. కొంతకాలంగా సింధనూరు, మాన్వి, సిరిగుప్ప వైపు మన క్యాంపుల్లో నిగనిగలాడే కాగితాలు చేతులు మారుతున్నవి. మోకాళ్ళ నొప్పి మొదలు పసిపిల్లల కండరాల జబ్బు దాకా అన్నిటికీ స్టెమ్ సెల్ సూది ఒక్కటే మందని వాటిలో అచ్చువేసివుంటుంది. ఆ సూదిలో వుండేదేమిటి, అది మంచిదో కాదో చూసేదెవరు, చూడడానికి దానిని ఎట్లా సిద్ధంచేసి పంపుతారు, ఇంతవరకే నేను చెప్పగలిగింది. నేను వైద్యుణ్ణి కాను. హైదరాబాదులో ముప్పది ఏండ్లపాటు క్రోమోజోముల పరీక్ష జరిగే గదిలో పనిచేసి, ఇప్పుడు మా నాయనగారు కొన్న చెక్కలోనే ఇల్లు కట్టుకొని వుంటున్నాను. రోగుల ముఖాలు చూసే పని నాది కాదు, వారినుంచి వచ్చిన సీసాలే నేను చూసింది. అందుచేత నా మాటల్లో సీసాల గొడవ కొంచెం ఎక్కువగా వుంటే మన్నించాలి.

మూలకణమంటే తాను విభజన పొందుతూ తనవంటి కణాలను పుట్టిస్తూ, అవసరమైనప్పుడు మరొక తరహా కణంగా మారగలిగే కణం. ఎముకల మూలుగలో వుండి నెత్తురును పుట్టించేవి అటువంటివే. కంటి నల్లగుడ్డు అంచున వుండి పైపొరను ఎప్పటికప్పుడు కొత్తది చేసేవీ అటువంటివే. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ మానవ పిండంనుంచి ఇటువంటి కణాలను తీసి గాజుపాత్రలో పెంచాడు. 2006లో జపానులో షిన్యా యమనాకా ఎలుక చర్మపు కణాలను, మరుసటి సంవత్సరం మనిషి చర్మపు కణాలను వెనుకకు నడిపించి మూలకణాలుగా మార్చాడు. 2012లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఇట్లా పాత్రలో పెంచడాన్ని కల్చర్ అంటారు. వ్యవసాయాన్ని అగ్రికల్చర్ అనడంలో వున్నదీ ఆ మాటే. కనుక నేను దీనిని కణాల సేద్యమంటే మీకు వింతగా తోచదనుకొంటాను. 37 డిగ్రీల వెచ్చదనం, నూటికి అయిదు పాళ్ళు బొగ్గుపులుసు వాయువు వుండే పెట్టెలో, ఎర్రని పోషక ద్రవంలో కణాలు పాత్ర అడుగున అంటుకొని పెరుగుతవి. నాలుగైదు రోజుల్లో మడి నిండిపోతుంది. అప్పుడు వాటిని విడదీసి, పలుచగా మరికొన్ని పాత్రలకు మార్చవలె. నారు పీకి నాటువేసినట్లే. అట్లా ఎన్ని నాట్లు పడ్డవో లెక్క వ్రాసిపెట్టుకొంటారు.

చిక్కంతా ఆ నాట్లలోనే వున్నది. సొంత విత్తనం దాచుకొని, ఏరివేత లేకుండా ఏడేళ్ళు వేసిన చేను ఎట్లా వుంటుందో మీకు నేను చెప్పాలా! కొందరు కేళీలంటారు, కొందరు బెరుకులంటారు. పొడుగాటి మొక్క ఒకటి, ముందు పండి రాలిపోయే మొక్క ఒకటి తలయెత్తుతవి. రాలిపోయే గుణమున్నది మరుసటి సంవత్సరం చేనిలో తానే ముందు మొలుస్తుంది. కణాల పైరులోనూ అంతే. లక్షల కణాలు విభజన పొందేటప్పుడు ఎక్కడో ఒకదానిలో క్రోమోజోము ముక్క ఒకటి అదనంగా చేరుతుంది. చాలావరకు అటువంటి కణం చచ్చిపోతుంది. కాని ఆ మార్పువల్ల దానికి చావు తగ్గిందో, పెరుగుదల హెచ్చిందో, పది నాట్లు పడేసరికి పాత్ర అంతా దాని సంతానమే. మానవ మూలకణాల్లో 20వ క్రోమోజోము పొడుగు భుజంమీద ఒక చిన్న తావు వున్నది. ఆ ముక్క రెట్టింపైతే కణం సులభంగా చావదు. 2011లో 38 ప్రయోగశాలలవారు కలిసి 125 పిండజ మూలకణ వంశాలను, యమనాకా పద్ధతి వంశాలు 11ను పరీక్షించి చూశారు. అధికభాగం సక్రమంగానే వున్నవి. కాని పెంపకం దీర్ఘమైనకొద్దీ మార్పులు పెరిగినవి. అవి కూడా 1, 12, 17, 20 క్రోమోజోములమీదనే ఎక్కువగా పడ్డవి. కంటికి పైరు ఏపుగానే కనిపిస్తుంది సుమా. నిజానికి చెడిన పైరే ఎక్కువ ఏపుగా వుంటుంది. అందుకే పెంచినవాని మాటను నమ్మి వదలిపెట్టక, పరీక్షకు పంపవలసివచ్చేది.

మన కాలవ కింద పండే బి.పి.టి. 5204 బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. ఇన్నేళ్ళయినా అది అదే వడ్లుగా నిలిచివున్నదంటే ఊరికే జరగలేదు. బ్రీడరు విత్తనం, దానినుంచి ఫౌండేషన్ విత్తనం, దానినుంచి సర్టిఫైడ్ విత్తనం అని మెట్లు పెట్టి, ప్రతి మెట్టు దగ్గర పరీక్ష వుంచారు. కణాల సేద్యంలోనూ మొదటి నాట్లలోనే కొన్ని వందల చిన్న సీసాలు నింపి, గడ్డకట్టించి, మూల నిధిగా దాస్తారు. దానినుంచి ఒక సీసా తీసి పెంచి పని నిధి చేస్తారు. వాడుకొనేది పని నిధినుంచే. నిధి కట్టిన ప్రతిసారీ పరీక్ష, పది నాట్లకొకసారి మళ్ళీ పరీక్ష అన్నది మంచి ప్రయోగశాలల అలవాటు. అన్నట్లు, అదే 5204కు ఎండుతెగులును తట్టుకొనే మూడు జన్యువులను హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ కలిసి చేర్చినప్పుడు, ఏ మొక్కలో ఆ జన్యువులు కుదిరినవో ఆకు డి.ఎన్.ఏ. పరీక్షచేసే ఏరుకొన్నారు. 2008లో విడుదలైన ఆ రకాన్ని మెరుగైన సాంబమసూరి అంటారు.

పరీక్ష లేకపోతే ఏమవుతుందన్నదానికి జపాను కథ చెప్పాలి. 2014 సెప్టెంబరులో కోబే నగరంలో డెబ్బదేళ్ళు దాటిన ఒక స్త్రీకి, ఆమె చర్మంనుంచే తయారుచేసిన మూలకణాలను కంటి వెనుకపొర కణాలుగా మార్చి అమర్చారు. ప్రపంచంలో అదే మొదటిసారి. తరువాత రెండవ రోగికి కణాలు సిద్ధమైనవి. శస్త్రచికిత్సకు ముందు జన్యుపరీక్షలో ఆ కణాల్లో మార్పులు కనిపించినవి. అవి హాని చేసేవని రుజువు కాలేదు. అయినా మసాయో తకహాషీగారి బృందం 2015లో ఆ పని ఆపివేసింది. అంత ఖర్చు, అంత కీర్తి, లోకమంతా చూస్తూవుండగా ఒక కాగితం చూసి ఆగిపోయారు. నాకు ఆ మొదటి శస్త్రచికిత్సకన్న ఈ ఆగడమే పెద్ద సంగతిగా తోస్తుంది.

ఇక పరీక్ష సంగతి. మనిషి కణంలో క్రోమోజోములు 46 అని తేలింది ఎంతో కాలం కాలేదు. 1956 దాకా 48 అనుకొనేవారు. స్వీడనులో త్జియో, లెవాన్ అనే ఇద్దరు ఆ లెక్క సరిచేసి ప్రచురించిన సంవత్సరమే మన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రాన్ని వదలి మైసూరు రాష్ట్రంలో చేరింది. క్రోమోజోములు ఎల్లవేళలా కనిపించవు. కణం రెండుగా చీలబోయే ఘడియలోనే అవి దగ్గరపడి, పొట్టి కర్రల్లాగా విడివిడిగా కనిపిస్తవి. ఆ ఘడియలో కణాన్ని ఆపడానికి ఒక మందు వేసి, పలుచని ఉప్పునీటిలో ఉబ్బించి, మిథనాలు మూడుపాళ్ళు, ఎసిటిక్ ఆమ్లం ఒకపాలు కలిపిన ద్రవంలో నిలవచేసి, గాజుపలకమీద చుక్క వదులుతారు. జీమ్సా రంగు వేస్తే ప్రతి క్రోమోజోముమీద అడ్డచారలు తేలుతవి. క్యాంపుల తొలిరోజుల్లో మలేరియా ఎరిగిన పెద్దలకు ఆ రంగు కొత్తది కాదు. జ్వరం వచ్చినవారి నెత్తుటి పూతమీద వేసేదీ అదే. మామూలుగా ఇరవై కణాల్లో చారలు చదువుతారు. దీనికొక హద్దు వున్నదని మీరు తెలుసుకోవాలి. నూటికి అయిదు కణాలే చెడివున్నప్పుడు, ఇరవై చూస్తే ఒక్కటీ కంటబడకుండా పోవడానికి మూడింట ఒక వంతుకు మించి అవకాశం వున్నది. 20వ క్రోమోజోముమీది ఆ ముక్క వంటి చిన్న మార్పులు సూక్ష్మదర్శినికే అందవు, వాటికి డి.ఎన్.ఏ. పరీక్ష వేరుగా చేయించాలి. పరీక్షలో బాగున్నదన్నారంటే, ఏ పరీక్షలో అని అడగవలసి వుంటుంది.

క్రోమోజోములు చూడాలంటే కణం చీలుతూ వుండాలి గదా, కాబట్టి పంపేది బతికివున్న పైరు కావాలి. చచ్చిన కణం మాకు చెప్పేది ఏమీ లేదు. పంపడంలోని నేర్పంతా ఇక్కడే. ఫ్లాస్కు అడుగు సగం నిండినప్పుడు పంపాలి. పూర్తిగా నిండిపోతే ముదిరిన నారులాగా చీలడం మానుతుంది. మరీ పలుచగా వుంటే ప్రయాణానికి తట్టుకోదు. పెంచేటప్పుడు ఫ్లాస్కులో ద్రవం అడుగున కొద్దిగానే వుంటుంది, పైన గాలి వుంటుంది. అట్లాగే మూతబిగించి పంపితే రోడ్డు కుదుపులకు ద్రవం అటూ ఇటూ కొట్టుకొని, పెరుగు చిలికినట్లు కణాలను అడుగునుంచి ఊడబెరుకుతుంది. నురుగు పట్టినచోట కణాలు ఎండిపోతవి. అందుచేత పంపే రోజున తాజా ద్రవాన్ని మెడదాకా, బుడగ మిగలకుండా నింపాలి. గాలి ఆడే చిల్లుల మూత తీసి గట్టి మూత పెట్టాలి. మూత చుట్టూ సాగే మైనపు పట్టీ చుట్టాలి. ఫ్లాస్కును పీల్చే కాగితంతో చుట్టి, జిప్పు సంచిలో వుంచి, ఆ సంచిని మరొక గట్టి డబ్బాలో, దానిని థర్మోకోలు పెట్టెలో కదలకుండా ఇమడ్చాలి. మూడు పొరలూ వుండవలసిందే. లోపలిది కారినా మోసేవాని చేతికి తడి తగలకూడదు. మనిషి కణాలు గనుక, దాతకు కామెర్ల వైరసులు, హెచ్.ఐ.వి. లేవని పరీక్షించిన కాగితం కూడా వుండాలి. ఇంత చేసినవాడు చివర ప్రేమకొద్దీ లోపల మంచుగడ్డ పెడితే అంతా వ్యర్థం. ఐసు ముక్క తగిలినచోట కణాలు గడ్డకట్టి పగిలిపోతవి. మామూలు గది చల్లదనం ఒకటి రెండు రోజులు ఓర్చుకొంటవి. నలభై డిగ్రీల వేడిని మాత్రం ఓర్చుకోవు.

ఆ నలభై డిగ్రీలు రాయచూరువారికి నేను వర్ణించనక్కరలేదు. సంవత్సరాది దాటితే ఇక్కడి ఎండ ఎటువంటిదో కృష్ణకూ తుంగభద్రకూ నడుమ వున్న మనకు తెలిసిందే. నేను ఉద్యోగంలో వుండగా ఒక మే నెలలో ఇటువైపునుంచి ఒక పెట్టె వచ్చింది. కట్టడం చక్కగా కట్టారు. తెచ్చిన బస్సులో దానిని డ్రైవరు ముందు అద్దం దగ్గర, భద్రంగా వుంటుందని పెట్టారట. పెట్టె విప్పేసరికి లోపలి సీసాలు గోరువెచ్చని దశ కూడా దాటివున్నవి. నాలుగు రోజులు పెంచి చూశాము; ఒక్క కణమూ చీలలేదు. మళ్ళీ పంపమని వ్రాయడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. అందుకే ఎండాకాలంలో రాత్రి ప్రయాణమే చేయించాలి. శుక్రవారం పంపకూడదు, శనివారం సాయంత్రం చేరితే సోమవారం దాకా పలకరించేవారుండరు. పంపేముందు అవతలివారికి ఫోను చేసి, ఫలానా గంటకు వస్తుందని చెప్పాలి. చేరినవెంటనే వారు ఫ్లాస్కులోని అదనపు ద్రవం తీసివేసి, వెచ్చని పెట్టెలో ఒక రాత్రి విశ్రాంతి ఇస్తారు. ద్రవం రంగు పసుపైతే పులిసిందనీ, ఊదాకు తిరిగితే వాయువు పోయిందనీ మాకు చూడగానే తెలుస్తుంది.

గడ్డకట్టించి పంపేది వేరొక పద్ధతి. మన పశువుల ఆసుపత్రిలో ముర్రా దున్న వీర్యం దాచే నైట్రోజన్ క్యాను మీరంతా చూసినదే. మూత తీయగానే తెల్లని పొగ వస్తుంది. అందులో చలి సున్నకు దిగువ 196 డిగ్రీలు. మూలకణాల నిధులూ అటువంటి క్యానుల్లోనే వుంటవి. నూటికి పదిపాళ్ళు డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రవం కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లార్చితే కణం లోపల మంచుముళ్ళు ఏర్పడవు. దూరం పంపేటప్పుడు నైట్రోజనును లోపలి దూదివంటి గోడ పీల్చుకొని ఒలకకుండా వుండే క్యానులో పంపుతారు. ఒక రోజు ప్రయాణమైతే డ్రై ఐసు చాలు. అది దిగువ 78 డిగ్రీలు. డ్రై ఐసు కరగదు, వాయువై లేచిపోతుంది. పెట్టెను గాలి చొరకుండా టేపుతో బిగిస్తే ఉబ్బి పేలుతుంది. విమానంవారు దానిని ప్రమాద వస్తువుగా లెక్కవేసి పెట్టెమీద గుర్తు వేయమనేది అందుకే. కేవలం డి.ఎన్.ఏ. పరీక్షకైతే ఇంత తిప్పలు లేదు. పది లక్షల కణాలను వడికట్టి ముద్దచేసి గడ్డకట్టించి పంపితే సరిపోతుంది, అవి బతికివుండనక్కరలేదు.

పెట్టెతో వెళ్ళే కాగితం పెట్టెకన్న ముఖ్యం. కణాల పేరు, ఎన్నవ నాటు, ఏ తేదీన తీసినది, ఏ ద్రవంలో పెరిగినది, దాత ఆడా మగా, ఏ పరీక్ష కావాలి, ఇవన్నీ కావాలి. ఆడదాత అని వ్రాసిన సీసాలో మగవాని చిన్న క్రోమోజోము కనిపించడం నా ఉద్యోగంలో ఒకటికి రెండుసార్లు జరిగింది. పైరు చెడలేదు, సీసా మారింది. ఇది కొత్త జబ్బూ కాదు. 1951లో బాల్టిమోరులో హెన్రియెట్టా లాక్స్ అనే నీగ్రో తల్లి గర్భాశయపు పుండునుంచి ఆమెకు తెలియకుండా తీసిన కణాలు హీలా అనే పేరుతో లోకమంతా ప్రయాణం చేసినవి. పోలియో టీకా పరీక్షకై వాటిని రాశులుగా పెంచి అమెరికా నలుమూలలకు పంపిన చోటు టస్కిగీ విద్యాలయం. వేరుశనగకు వంద ఉపయోగాలు కనిపెట్టి రైతులకు నేర్పిన కార్వరు పనిచేసినదీ అక్కడే. ఆ వేడి దేశంలో గాజుగొట్టాలను వేసవిలో చెడకుండా పంపడం ఎట్లాగని వారు పడిన శ్రమే ఈ విద్యకు ఓనమాలు. కాని హీలా కణాలు మహా మొండివి. ఒక చుక్క పొరపాటున పక్క పాత్రలో పడితే చాలు, ఊదగడ్డిలాగా అసలు పైరును మింగివేస్తవి. 1966లో స్టాన్లీ గార్ట్లర్ ఒక ఎంజైము గుర్తునుబట్టి చూసి, వేర్వేరు పేర్లతో వేర్వేరు అవయవాలవని పెంచుతున్నవి ఎన్నో హీలా కణాలేనని సభలో చెప్పాడు. కొందరు ఏళ్ళకేళ్ళు చేసిన పని ఆ ఒక్క మాటతో నీరైంది. ఇప్పుడు డి.ఎన్.ఏ. వేలిముద్ర తీసి, దాత ముద్రతో సరిపోల్చి గాని మంచి ప్రయోగశాల పైరును వాడదు.

మన ఇళ్ళనుంచి పోయేది మూలకణాల ఫ్లాస్కు కాదుగాని, నెత్తురు సీసాలు పోతూనే వుంటవి. మాటిమాటికి గర్భం నిలవనివారికీ, బుద్ధిమాంద్యం గల పిల్లలకూ క్రోమోజోముల పరీక్ష వ్రాస్తారు. రాయచూరులో తీసిన నెత్తురు హైదరాబాదుకో బెంగుళూరుకో వెళుతుంది. దీనికి ఆకుపచ్చ మూత గొట్టం కావాలి, అందులో హెపారిన్ వుంటుంది. ఊదారంగు మూత గొట్టం డి.ఎన్.ఏ. పరీక్షకు. నెత్తుటిలోని తెల్లకణాలు ఊరికే చీలవు. చిక్కుడుజాతి గింజలనుంచి తీసిన రసం ఒకటి వేసి మూడు రోజులు పెంచితే చీలుతవి. ఆ రసం గుణాన్ని 1960లో పీటర్ నోవెల్ కనిపెట్టాడు. ఫ్రిజ్జులో పైన మంచు పట్టే అరలో పెట్టిన నెత్తురు ఈ పరీక్షకు పనికిరాదు. గొట్టంమీద పేరు పెన్సిలుతో వ్రాస్తే చెమటకు చెరిగిపోతుంది. ఇంటిపేరు పూర్తిగా వ్రాయండి. మన క్యాంపుల్లో ఒకే ఇంటిపేరు, ఒకే ముందుపేరు గలవారు ముగ్గురేసి వుంటారు, తేదీతో సహా వయస్సు వేయించండి.

మూలకణ వైద్యమే బూటకమని నేను చెప్పడంలేదు. నిజమైనది మన తెలుగుగడ్డమీదనే వున్నది. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారి పేరుతో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన కంటి ఆసుపత్రి సంగతి మీకు తెలియనిది కాదు. తాంబూలంలోకి, పొగాకులోకి వాడే సున్నపు పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకొంటూ వుంటే అది పగిలి కళ్ళలో పడుతుంది. నల్లగుడ్డు అంచునున్న మూలకణాలు కాలిపోతవి. చూపుమీద తెల్లని పొర కమ్ముకొంటుంది. 2001నుంచి అక్కడ వీరేందర్ సాంగ్వాన్‌గారు, వారి సహచరులు బాగున్న కంటి అంచునుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, కాన్పులో వచ్చే మాయపొరమీద రెండు వారాలు పెంచి, ఆ పొరతోసహా చెడిన కంటికి అమర్చారు. 200 మందికి చేసిన చికిత్స ఫలితాలను 2011లో ప్రకటించారు. నూటికి 71 మందిలో పొర నిలిచింది. మిగతావారిలో నిలవలేదని కూడా అదే కాగితంలో వ్రాశారు, గమనించండి. మరుసటి సంవత్సరం ఇంకా తేలిక మార్గం చెప్పారు. ఆ చిన్న ముక్కను ఎనిమిది పది తునకలుచేసి, మాయపొరమీద నేరుగా కంటిలోనే అంటిస్తారు. కన్నే పొలం, కన్నే వెచ్చని పెట్టె. ఫ్లాస్కు లేదు, ప్రయాణం లేదు, నాట్లు లేవు. ఇన్నేళ్ళు ఫ్లాస్కులతో తంటాలుపడిన నాకు ఇది చదివినప్పుడు నవ్వూ వచ్చింది, సంతోషమూ కలిగింది. సున్నం కంటిలో పడితే మాత్రం పసుపులూ పాలూ పోయకండి. శుభ్రమైన నీళ్ళతో అరగంటపాటు ఆపకుండా కడిగి, ఆ తరువాత ఆసుపత్రికి పరుగెత్తండి.

అదే కన్ను, అదే మూలకణమనే మాట. కాని అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో 2015లో జరిగింది వినండి. ఒక చోట ముగ్గురు వృద్ధస్త్రీల దగ్గర సొమ్ము తీసుకొని, వారి కొవ్వునుంచి తీసినదాన్ని మూలకణాలని చెప్పి ఒకేరోజున రెండేసి కళ్ళలోనూ సూదివేశారు. ఉన్న చూపు పోయింది. 2017లో ఈ సంగతి వైద్య పత్రికకెక్కింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో స్పష్టంగా నియమం పెట్టింది. రక్తరోగాలకు చేసే మూలుగ మార్పిడి వంటిది ఒప్పుదల పొందిన వైద్యం. తక్కినవాటిని అనుమతి పొందిన ప్రయోగ చికిత్సగా తప్ప చేయకూడదు. చేస్తే అది వృత్తిద్రోహం.

నిరుడు మా క్యాంపునుంచే ఒక దంపతులు వచ్చారు. పేర్లు చెప్పను. పదకొండేళ్ళ పిల్లవాడు, కండరాలు క్షీణించే జబ్బు. నేలమీదినుంచి లేవాలంటే తొడలమీద చేతులూని లేస్తాడు. ఒక పెద్ద పట్టణంలో మూడు సూదులు వేయించారు. కాలవ పక్క ఎకరం అమ్మారు. నాలుగవదానికి మిగిలిన ఎకరంన్నరకు బేరం పెట్టారు. "బాబాయిగారూ, ఎకరం పోయింది, వాడు మెట్టు ఎక్కలేకపోతున్నాడు. ఇదొక్కటీ వేయిస్తే నిలుస్తుందంటున్నారు" అని ఆ తల్లి అన్నది. నేను వద్దని ఎట్లా అనగలను? వద్దంటే, కన్నతల్లికి చేయడానికి ఇంకేమి మిగులుతుంది? అందుకని వద్దనలేదు. నాకు తెలిసిన పనే చేశాను. ఆ సూదిలో పోసిన కణాలు ఎవరివి, ఎన్ని నాట్లు పడినవి, ఏ తేదీన ఏ ప్రయోగశాలలో క్రోమోజోములు చూశారు, ఇది ప్రయోగ చికిత్స అయితే ప్రభుత్వ రిజిస్ట్రీలో సి.టి.ఆర్.ఐ. సంఖ్య ఎంత అని ఒక కాగితంమీద వ్రాసియిచ్చి, వారిచేతనే ఫోను చేయించాను. మొదటి ఫోనుకు పంపుతామన్నారు. రెండవదానికి అవి సామాన్యులకు అర్థంకావన్నారు. పది రోజులకు ఒక పుట వచ్చింది. కణాలు నూటికి నూరుపాళ్ళు శుద్ధమైనవని వున్నది. తేదీ లేదు, చేసినవారి సంతకం లేదు, క్రోమోజోముల మాటే లేదు. ఆ తండ్రి విత్తనాల దుకాణం నడిపిన మనిషి. పుటను అటూ ఇటూ తిప్పి, "ట్యాగు లేని బస్తా" అన్నాడు. అంతకుమించి నేనేమీ అననక్కరలేకపోయింది. మిగిలిన పొలం అమ్మలేదు. పిల్లవాడిని వారానికి మూడుసార్లు రాయచూరు తీసుకువెళ్ళి వ్యాయామ చికిత్స చేయిస్తున్నారు. పెద్ద డాక్టరుగారు వ్రాసిన మాత్రలు వేస్తున్నారు. జన్యువులో ఎక్కడ తప్పున్నదో తెలియడానికి ఊదా మూత గొట్టంలో నెత్తురు పంపాము, ఫలితం వచ్చింది. పిల్లవాని చిన్నమ్మకు పెళ్ళై కొద్దికాలమే అయింది. తల్లివైపునుంచి వచ్చే జబ్బు గనుక ఆమెకూ ఆ పరీక్ష చేయించారు. పిల్లవాడు నడక కోల్పోకుండా వుంటాడని నేను వారికి చెప్పలేదు. అది చెప్పగలిగిన మందు నాకు తెలిసి ఇంకా రాలేదు.

ఆ నాలుగు ప్రశ్నలను సంఘంవారు కన్నడంలోనూ తెలుగులోనూ అచ్చువేయించి ద్వారం దగ్గర బల్లమీద వుంచారు. కావలసినవారు తీసుకువెళ్ళండి, పక్కింటి కన్నడ సోదరులకూ ఒకటి ఇవ్వండి. నెత్తురు పరీక్షకు పంపవలసినవారు ఎవరైనా వుంటే, ఆకుపచ్చ మూత గొట్టాలు సరైనవేనా, కట్టడం ఎట్లా అన్నది నేను చూసిపెడతాను. పండుగ సెలవులు ముగిసేదాకా అవతల పరీక్షాలయాలు తెరవరు గనుక, ఈ వారం నెత్తురు తీయించకండి. వచ్చే సోమవారం తీయించి ఆ రాత్రే పంపితే మంగళవారం పొద్దుటికి చేరుతుంది.